వోల్టేజ్ తగ్గించే ముందు ఇది చదువు, చిన్నీ

మిర్యాలగూడ

చిరంజీవి చిన్నీకి మామ ఆశీర్వదించి రాసేది.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. "నీ మేనకోడలు లాప్‌టాప్‌కు కరెంటు తగ్గిస్తదంట, కాలిపోతదేమో, నువ్వన్న చెప్పు తమ్మీ" అని ఒకటే టెన్షన్. తగ్గించేది ప్రాసెసర్‌కు అందే వోల్టేజ్ అని, తగ్గిస్తే ఏదీ కాలిపోదని చెప్పి పడుకోమన్నాను. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. కొత్త లాప్‌టాప్ కొనివ్వమని నాన్న మీద భారం వేయకుండా, వేడెక్కిపోతున్న ఆ లాప్‌టాప్‌నే నీ చేత్తో బాగు చేసుకుందామనుకున్నావు. ఆ మాట విని నా కడుపు నిండింది. అయితే ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి "సరే మామా" అంటావు. అందుకే రాస్తున్నాను. మొత్తం చదివాకే చెయ్యి పెట్టు.

ముందు వెనక మూత విప్పి దుమ్ము తియ్యి. మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, నీ గదేమో రేకుల కింద. లోపలికి పోయే గాలే వేడిగా ఉంటే ఫ్యాన్ మాత్రం ఏం చేస్తుంది? మా షాపుకు రైస్ మిల్లు ఆఫీసుల నుంచి రిపేరుకు వచ్చే లాప్‌టాప్‌లు విప్పితే ఫ్యాన్‌కూ, వేడిని బయటికి లాగే హీట్‌సింక్ రెక్కలకూ మధ్య తవుడు, ఊక బూడిద కలిసి దుప్పటి ముక్కలా అట్టకట్టి ఉంటాయి. ట్వీజర్‌తో అంచు పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడొస్తుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది, దాన్ని విప్పితే గాని అసలు సంగతి తెలియదు. బ్యాటరీ కనెక్టర్ ముందే తీసెయ్. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకో, గిర్రున తిరగనివ్వకు. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయి. చాలామందికి వేడి బాధ ఇంతటితోనే సగం తీరుతుంది. అప్పుడు కూడా వేడెక్కితేనే వోల్టేజ్ సంగతి చూడు.

ఇందులో లెక్క ఉంది, నీకు అర్థమవుతుంది. ప్రాసెసర్ పని చేసేటప్పుడు తినే పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజ్ పది శాతం తగ్గిస్తే, 0.9ని 0.9తో గుణిస్తే 0.81 కదా, అదే స్పీడులో ఆ ఖర్చు దాదాపు 19 శాతం తగ్గుతుంది. అన్ని చిప్‌లూ ఒకేలా తయారు కావు కాబట్టి బలహీనమైన చిప్ కూడా నిలబడేలా కంపెనీ వోల్టేజ్‌ను కొంచెం ఎక్కువే పెడుతుంది. మనం కోసేది ఆ ఎక్కువనే. బ్యాటరీ మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకు. ఊరికే ఉన్నప్పుడు ప్రాసెసర్ తినేదే తక్కువ, అప్పుడు బ్యాటరీని ఖర్చు చేసేది స్క్రీన్. బ్రైట్‌నెస్ తగ్గించుకో.

వోల్టేజ్ మార్చే థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్.ఐ.వి.ఆర్. అన్న బటన్ తెరిచి, సీపీయూ కోర్‌కూ సీపీయూ క్యాష్‌కూ ఒకే అంకె పెట్టు. మైనస్ 50 మిల్లీవోల్టులతో మొదలుపెట్టి పదేసి చొప్పున దిగు. మైనస్ గుర్తు ఉందో లేదో ప్రతిసారీ చూసుకో. మైనస్ 80 దగ్గర నిలకడగా ఉంటే అక్కడే ఆగు, ఇంకో పదికి ఆశపడకు. కింద "డు నాట్ సేవ్ వోల్టేజెస్" అన్నదే నొక్కు. సేవ్ చేయకపోతే మెషిన్ బిగుసుకుపోయినా పూర్తిగా ఆపి ఆన్ చేస్తే మామూలు వోల్టేజ్‌తో లేస్తుంది.

ఒకవేళ అక్కడ లాక్ అని చూపిస్తే వదిలెయ్. వోల్టేజ్ తగ్గించి ప్రాసెసర్ లోపలి రహస్యాలు లాగవచ్చని 2019 డిసెంబర్‌లో పరిశోధకులు బయటపెట్టారు, దాని పేరు ప్లండర్‌వోల్ట్. ఆ తర్వాత వచ్చిన బయోస్ (ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డు మీది సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు చాలా లాప్‌టాప్‌లలో ఈ దారి మూసేశాయి. దాన్ని తెరవడానికి పాత బయోస్ ఎక్కిస్తానని మాత్రం కూర్చోకు. బయోస్ ఎక్కేటప్పుడు కరెంటు పోయి, ఆ పాత బ్యాటరీ చేతులెత్తేస్తే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. లాక్ ఉంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టు. టర్బో, అంటే ప్రాసెసర్ తనంతట తాను స్పీడు పెంచుకోవడం, ఆగిపోయి స్పీడు తగ్గుతుంది, వేడి కూడా బాగా తగ్గుతుంది.

ఇప్పుడు నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి.

మా షాపులో ఒక పిల్లగాడు పనిచేసేవాడు. తెలివైనవాడు, చెయ్యి కూడా మంచిది. పెళ్ళిళ్ళు తీసే ఫొటోగ్రాఫర్ ఒకాయన తన లాప్‌టాప్ బాగా వేడెక్కుతోందని తెచ్చిచ్చాడు. నీ దాంట్లో ఉన్న ఐ5 8250యూ ప్రాసెసరే అందులోనూ. ఆ రోజు నేను ఊళ్ళో లేను. వీడు మైనస్ 140 పెట్టి, ప్రాసెసర్‌ను పూర్తిగా పనిలో పెట్టే ఫుల్ లోడ్ టెస్ట్ అరగంట నడిపాడు. తొంభైల్లో ఉండే వేడి డెబ్భైల్లోకి వచ్చింది, మెషిన్ ఆగలేదు. విండోస్‌తో పాటే మొదలయ్యేలా సేవ్ చేసి ఇచ్చేశాడు. ఫొటోగ్రాఫర్ సంతోషంగా పట్టుకుపోయాడు.

కొన్నాళ్ళకు ఆయన ఒక పెళ్ళి తీసి, రాత్రి ఇంటికొచ్చి, కార్డు పెట్టి, ఫొటోలన్నీ కట్ చేసి లాప్‌టాప్‌లో పేస్ట్ కొట్టి అన్నానికి కూర్చున్నాడు. తిని వచ్చేసరికి మెషిన్ రీస్టార్ట్ అయి పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫోల్డర్‌లో ఫైళ్ళ పేర్లున్నాయి, సైజులున్నాయి, కార్డు ఖాళీగా ఉంది. అంతా వచ్చేసిందనుకుని తెల్లారి అదే కార్డుతో వ్రతం కూడా తీశాడు. ఆ తర్వాత తెరిచి చూస్తే పెళ్ళి ఫొటోలు చాలావరకు పైన కొంత మాత్రమే ఉన్నాయి. ఒకటి నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. పెళ్ళికూతురు తల మీద తలంబ్రాలు పడుతున్నాయి, కనుబొమ్మల దాకా ముఖం ఉంది, అక్కడి నుంచి కిందంతా బూడిద రంగు.

నేనొచ్చి, విండోస్ తప్పుల చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, డబ్ల్యూ.హెచ్.ఈ.ఏ. లాగర్ పేరుతో, 19 నంబర్‌తో పసుపు హెచ్చరికలు అంతకు ముందు నుంచే వరుసగా ఉన్నాయి. హార్డ్‌వేర్ తప్పు జరిగింది, సరిదిద్దాను అని ప్రాసెసర్ చెబితే విండోస్ రాసిపెట్టిన గుర్తులవి. ఎవరూ చూడలేదు.

ఫుల్ లోడ్‌లో నిలబడింది ఫైళ్ళు కాపీ చేస్తుంటే ఎందుకు పడిపోయిందని అడుగుతావు. ప్రాసెసర్ లోపల పని చేసే నాలుగు భాగాలు, అంటే నాలుగు కోర్లూ కలిసి పనిచేసేటప్పుడు 15 వాట్ల హద్దు అడ్డొచ్చి స్పీడు దిగిపోతుంది, ఆ స్పీడుకు తక్కువ వోల్టేజ్ చాలు. చిన్న పని తగిలినప్పుడు ఒక కోర్ ఒక్కసారిగా 3.4 గిగాహెర్ట్జ్‌కు ఎగురుతుంది. ఎక్కువ వోల్టేజ్ కావలసింది అప్పుడే, మనం కోసింది తగిలేదీ అప్పుడే.

రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కార్డు నుంచి కొన్ని తీయగలిగాను. మిగతా వాటి మీద వ్రతం ఫొటోలు పడ్డాయి. పెళ్ళికూతురి అమ్మ షాపుకొచ్చింది. అరవలేదు. "తలంబ్రాలది ఒక్కటన్న దొరుకుతదా బిడ్డా?" అని అడిగింది. మా పిల్లగాడు ఆ రోజంతా అన్నం ముట్టలేదు. వాణ్ణి నేను ఒక్క మాట అనలేకపోయాను. ఇప్పుడు హైదరాబాద్‌లో మంచి పనిలో ఉన్నాడు.

అందుకే చెబుతున్నా, ఫుల్ లోడ్ టెస్ట్ పాసైందని నమ్మి కూర్చోకు. ఒక వారం మామూలుగా వాడు. వీడియోలు చూడు, మూత మూసి స్లీప్‌లో పెట్టి మళ్ళీ లేపు, ఛార్జర్ పీకి పెట్టు, పెన్ డ్రైవ్‌లోకి పెద్ద ఫైళ్ళు కాపీ చెయ్యి, అదీ కాపీయే, కట్ కాదు. రోజూ ఈవెంట్ వ్యూయర్ చూడు. 19 ఒక్కటి కనిపించినా ఇరవై వెనక్కి రా, అంటే మైనస్ 80 ఉంటే మైనస్ 60 పెట్టు. వారం నిలబడ్డాకే సేవ్ చెయ్యి.

ఇంకో మాట, దీని మీద మాత్రం నాతో వాదించకు. నీ ప్రాజెక్ట్ సబ్మిట్ అయ్యేదాకా అసలు ముట్టుకోవద్దు. రాత్రిళ్ళు కూర్చుని రాసిన కోడ్ అది. అప్పటిదాకా 99 శాతంతో నడుపుకో, లాప్‌టాప్‌ను మంచం మీద కాకుండా టేబుల్ మీద పెట్టుకో. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి మీ అమ్మకివ్వు, బయోస్‌లో ఏది కదిలినా అది అడిగే అవకాశం ఉంది.

సబ్మిట్ అయ్యాక ఒక ఆదివారం రా. పేస్ట్, స్క్రూడ్రైవర్లు నా దగ్గరున్నాయి, పక్కన కూర్చుంటాను, విప్పడం మాత్రం నువ్వే విప్పాలి. ఈ ఉత్తరం అందిన రోజే ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తం బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్‌లో ఉన్న ఫైళ్ళు రెండు మూడు తెరిచి చూసి, తెరుచుకున్నాయని నాకు మెసేజ్ పెట్టు.

మీ మామ