తుపాకీ పట్టుకుని తనే వెళ్ళినవాడికి ఆత్మరక్షణ ఎలా వర్తించింది?

అమెరికాలో జరిగిన కైల్ రిటెన్‌హౌస్ కేసు గురించి మీ సందేహం ఇదీ: 17 ఏళ్ళ కుర్రాడు అల్లర్లు జరుగుతున్న ఊరికి కోరి వెళ్ళి రైఫిల్ తగిలించుకుని తిరిగాడు, ఇద్దరిని చంపాడు, మూడోవాణ్ణి గాయపరిచాడు. నిర్దోషి ఎలా అయ్యాడు?

నేను లాయర్ని కాను. కాకపోతే 2020 ఆగస్టులో కెనోషాలో ఆ కాల్పులు జరిగినప్పుడు నేనూ ఆ విస్కాన్సిన్ రాష్ట్రంలోనే ఉన్నాను, నా దగ్గరా ఓ పిస్టల్ ఉండేది. గ్రీన్‌కార్డు వచ్చాక 2017లో కన్‌సీల్డ్ క్యారీ (తుపాకీ బయటికి కనపడకుండా వెంట ఉంచుకునే) లైసెన్సు కోసం క్లాసుకి వెళ్ళాను. (హెచ్‌1బీ మీద ఉన్నంతకాలం, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ ముట్టుకోకూడదు.) గురి చూడ్డం నేర్పుతారనుకున్నాను. సగం రోజు చట్టమే చెప్పాడు క్లాసు చెప్పినాయన. "మీ తుపాకీలోంచి వెళ్ళే ప్రతి తూటాకీ ఒక లాయర్ వేలాడుతుంటాడు" అన్నది ఆయన ఊతపదం.

అక్కడ తెలిసిన మొదటి సంగతి, నిరూపించే బరువు ఎవరిదన్నది. విస్కాన్సిన్‌లో నిందితుడు ఆత్మరక్షణ అని కొద్దిపాటి ఆధారం చూపిస్తే చాలు, అది ఆత్మరక్షణ కాదని అనుమానానికి తావులేకుండా రుజువు చెయ్యాల్సింది ప్రాసిక్యూషనే. మన ఇండియాలో ఇది తిరగబడి ఉంటుంది, ఆత్మరక్షణ కోసమే చేసి ఉండే అవకాశం ఎక్కువని నిందితుడు చూపించుకోవాలి. ఒహాయోలో కూడా 2019 దాకా బరువు నిందితుడి మీదే ఉండేది.

రెండోది, ముందు రెచ్చగొట్టింది ఎవరన్నది తప్పిస్తే, చట్టం ముఖ్యంగా చూసేది ట్రిగ్గర్ నొక్కిన ఆ కాసిన్ని క్షణాల్నే. ఎందుకొచ్చావు, ఇంట్లో కూర్చోవచ్చు కదా అన్నవి పక్కకెళ్ళిపోతాయి. అక్కడ తుపాకీ కనపడేలా పట్టుకు తిరగడం నేరం కాదు. మైనర్ దగ్గర ఆయుధం ఉందన్న అభియోగాన్ని కూడా జడ్జి కొట్టేశారు, రైఫిళ్ళ విషయంలో ఆ వయసువాళ్ళకి నిషేధం పొట్టి బ్యారెల్ వాటికే వర్తిస్తుందన్న వాదన నెగ్గింది. ముందు రెచ్చగొట్టింది అతనే అనడానికి ప్రాసిక్యూషన్ చూపించిన డ్రోన్ వీడియో మసకమసగ్గా ఉంది. 2021 నవంబరు 19న తీర్పొచ్చింది. ఉన్న చట్టం ప్రకారం అది తప్పని నేననలేను. నా పేచీ ఆ చట్టంతోనే.

క్లాసులో ఒకామె అడిగింది, "చేతుల్లో ఏమీ లేనివాడు నా తుపాకీ లాక్కోబోతే?" అని. "అది వాడి చేతికెళ్తే మీరు బతకరు, కాబట్టి ప్రాణాపాయమే" అన్నాడాయన. రక్షణ కోసం కొన్న వస్తువే నెట్టులాటని చావుబతుకుల సమస్యగా మార్చేస్తుందన్నమాట. కెనోషాలో మొదట చనిపోయినతని విషయంలో డిఫెన్స్ వాదన సరిగ్గా అదే. ఇక గాయపడ్డ మూడో మనిషి చేతిలో పిస్టల్ ఉంది, అది రిటెన్‌హౌస్ వైపే ఉందని కోర్టులో ఒప్పుకున్నాడు. జనాన్ని కాల్చేస్తున్నవాణ్ణి ఆపుతున్నాననుకున్నాడతను. అతనే ముందు కాల్చి ఉంటే? బహుశా అతనూ ఆత్మరక్షణ అనే వాదించేవాడు. మా ఆఫీసులో నెల్లాళ్ళు వాదించుకున్నాం గానీ దీనికి జవాబు చెప్పినవాడు లేడు.

అలాగని ఈ వాదన ప్రతిసారీ నెగ్గదు. జార్జియా రాష్ట్రంలో జాగింగ్ చేస్తున్న అహ్మద్ ఆర్బరీని కాల్చినవాడు కూడా తుపాకీ లాక్కోబోయాడనే అన్నాడు. తరుముకుంటూ వెళ్ళి దారి కాచింది అతనూ అతని తోటివాళ్ళే కాబట్టి జ్యూరీ నమ్మలేదు. రిటెన్‌హౌస్ తీర్పుకీ దానికీ మధ్య ఐదు రోజులే.

నా సంగతికొస్తే, ఓ చలికాలం రాత్రి పదకొండింటికి మా తలుపు ఎవరో దబదబా బాదారు, గుండ్రటి పిడి కూడా తిప్పారు. పిస్టల్ పెట్టె మీదకి నా చెయ్యి వెళ్ళిపోయింది. తాళం నంబర్లు తడబడ్డాయి. ఈలోగా కిటికీలోంచి మా ఆవిడ చూసింది, మంచుకి తలమీద హుడ్ లాక్కుని, చేతిలో భోజనం సంచీతో ఒక పిల్లాడు. పక్క వీధి ఆర్డరు.

1992లో లూజియానా రాష్ట్రంలోని బేటన్ రూజ్‌లో యోషిహిరో హత్తోరి అనే 16 ఏళ్ళ జపాన్ విద్యార్థి హాలోవీన్ పార్టీకని ఇలాగే ఇల్లు పొరబడి ఓ ఇంటి బెల్లు కొట్టాడు. ఇంటాయన కాల్చేశాడు. క్రిమినల్ కేసులో జ్యూరీ వదిలేసింది. తర్వాత సివిల్ కోర్టు ఆ పిల్లాడి తల్లిదండ్రులకి సుమారు 6.5 లక్షల డాలర్లు ఇమ్మంది.

మర్నాడే మా ఆవిడ తలుపుకి కెమెరా పెట్టించింది. ఐదేళ్ళకి లైసెన్సు గడువు తీరింది, నేను రెన్యూ చేయించలేదు.