నగరాల క్లైమేట్ ప్లాన్లు నిజంగా ఎలా తయారవుతాయి?

"నగరపాలక సంస్థలు క్లైమేట్ ప్లాన్ అంటూ లావుపాటి పుస్తకాలు విడుదల చేస్తుంటాయి. వాటిని అసలు ఎలా తయారుచేస్తారు? కన్సల్టెంట్లు రాసిచ్చేవేనా?" అని అడిగారు.

రాసేది చాలాచోట్ల కన్సల్టెంట్లే. కానీ అందులో ఏది ఉండాలో, ఏది పోవాలో తేలేది వేరే చోట. ఒక నగరపాలక సంస్థ ప్లాన్ తయారుచేసిన బృందంలో రెండేళ్లు పనిచేశాను. నా పని లెక్కలు. మొదటి మూడు నెలలు మా మధ్య వాతావరణం అనే మాటే రాలేదు. పొద్దున లేస్తే కరెంటు బిల్లులు, డీజిల్ రసీదులు.

ముందు చేయాల్సింది ఉద్గారాల లెక్క, అంటే నగరం వల్ల గాల్లోకి వెళ్లే, భూమిని వేడెక్కించే వాయువుల లెక్క. దీనికి 2014లో వచ్చిన జీపీసీ అనే పద్ధతిని చాలా నగరాలు వాడతాయి. నగరం లోపల కాలే ఇంధనం ఒక పద్దు, బయటి నుంచి వచ్చే కరెంటు రెండో పద్దు, నగరం వల్ల దాని హద్దు బయట జరిగేది మూడోది. చదువుతుంటే చాలా సులువు అనిపిస్తుంది. మా చేతికొచ్చిన ఎక్సెల్ షీట్‌లో మాత్రం ఒకే మీటరు నంబరు మూడు విభాగాల కింద ఉంది. ఇంకో మీటరైతే ఎప్పుడో కూల్చేసిన భవనానిది. దానికి నెలనెలా కనీస ఛార్జీ కడుతూనే ఉన్నారు. ఇదేంటని ఎలక్ట్రికల్ ఇంజినీరును అడిగితే నవ్వేసి, "మేడం, ఆ కనెక్షన్ తీయించడానికి నడపాల్సిన ఫైలు కన్నా బిల్లు కట్టేయడమే సులువు" అన్నారు.

అంతా శుభ్రం చేశాక ఒక విషయం బయటపడింది. సంస్థ వాడే కరెంటులో పెద్ద వాటా వీధిదీపాలదే అని అందరం నమ్మకంగా ఉన్నాం. తీరా చూస్తే నీళ్లు తోడే పంపులది. పైపులో నీళ్లు లీకైతే, ఆ నీళ్లు ఎక్కించడానికి కాల్చిన కరెంటూ వాటితో పాటే పోతుంది కదా. అలా నీటి విభాగం ఏళ్ల తరబడి అడుగుతున్న పైపుల మరమ్మతు మా క్లైమేట్ ప్లాన్‌లో మొదటి పనిగా ఎక్కింది. నీటి విభాగం వాళ్లు మాత్రం, మేం అడిగినప్పుడు రాని డబ్బు క్లైమేట్ అంటే వస్తుందా అని కాసేపు ఆడుకున్నారు.

అసలు పేచీ ఆ తర్వాతే. సంస్థ సొంత వాడకం నగరం మొత్తంలో చిన్న ముక్క. మిగతాదంతా జనం ఇళ్లు, ఆఫీసులు, వాహనాలు. వాటి మీద నగరానికి ఉన్న అధికారం ఎంత? మా ప్రతిపాదనల పట్టికలో "ఎవరి సంతకం కావాలి?" అని ఒక కాలమ్ పెట్టాం. ఒక్కరోజు చర్చలో సగానికి పైగా ప్రతిపాదనలు అక్కడే పడిపోయాయి. కరెంటు ఎక్కడ, దేనితో తయారవ్వాలో మన చేతిలో లేదు. పెట్రోలు మీద పన్ను మన చేతిలో లేదు. భవన అనుమతులు, పార్కింగ్, చెత్త, ఆస్తి పన్ను ఉన్నాయి.

నగరం అధికారం ఎక్కడ ఆగుతుందో, ఈ గీత చూసుకోకపోతే పెద్ద నగరాలకూ దెబ్బే. అమెరికాలో బర్క్‌లీ 2019లో కొత్త భవనాలకు గ్యాస్ పైపులు వద్దని చట్టం చేసింది. అది జాతీయ చట్టానికి అడ్డు వస్తోందని 2023లో అప్పీలు కోర్టు కొట్టేసింది. అదే 2019లో న్యూయార్క్ ఇంకో దారి పట్టింది. 25,000 చదరపు అడుగులు దాటిన భవనాల్లో చాలావాటికి ఉద్గార పరిమితి పెట్టి, దాటితే ఏటా టన్నుకు 268 డాలర్ల జరిమానా అంది. అక్కడ ఉద్గారాల్లో దాదాపు మూడింట రెండు వంతులు భవనాలవే కాబట్టి గురి సరైన చోటే పెట్టినట్టు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ 2025కల్లా కార్బన్ తటస్థం (వదిలే కార్బన్, తగ్గించే కార్బన్ సరిసమానం) అవుతానని 2012లో చెప్పి, కుదరదని 2022లో ఒప్పుకుంది. చెత్త కాల్చే ప్లాంటు పొగలోంచి కార్బన్ పట్టే ప్రాజెక్టుకు జాతీయ నిధులు రాకపోవడం పెద్ద కారణం. నగరం మాట ఇచ్చింది, డబ్బు సంచి వేరేవాళ్ల దగ్గరుంది.

నాకు నచ్చినది మాత్రం నార్వే రాజధాని ఓస్లో పద్ధతి. 2017 నుంచి అక్కడ డబ్బు బడ్జెట్‌తో పాటే క్లైమేట్ బడ్జెట్ కూడా వస్తోంది. ఏ పని వల్ల ఎంత ఉద్గారం తగ్గుతుంది, బాధ్యత ఏ విభాగానిది అని రాస్తారు. దాన్ని నడిపేది ఆర్థిక విభాగం. పర్యావరణ విభాగం ఫోన్ చేస్తే రేపు చూద్దాం అనేవాళ్లు, ఆర్థిక విభాగం ఫోన్ చేస్తే ఫైలు పట్టుకుని తామే వస్తారు. ఇది ఏ ఊళ్లోనైనా అంతే అనుకుంటా.

మా ప్లాన్‌లోనూ అదే జరిగింది. అందమైన బొమ్మలతో సైకిల్ దారుల అధ్యాయం రాశాం, దానికి పద్దు లేదు. పంపుల మార్పిడికి రెండు పేజీలే, కానీ ఎంత కరెంటు మిగిలి ఎన్నేళ్లలో డబ్బు తిరిగొస్తుందో లెక్క జత చేశాం. ఆ ఏడాది బడ్జెట్‌లో పడింది అదొక్కటే. అందుకే మీ నగరం ప్లాన్ చేతికొస్తే ముందుమాట వదిలేయండి. ఒక్కో పని పక్కన విభాగం పేరు, డబ్బు వచ్చే పద్దు ఉన్నాయో లేదో చూసి, అదే పద్దును ఆ ఏడాది బడ్జెట్ పుస్తకంలో వెతకండి.