ఇంట్లో స్కీలు చేసుకుంటే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: నాకు స్కీయింగ్ అంటే ప్రాణం. ఏడాదికి ఓ వారం మంచు కొండల్లో గడుపుతాను. ఈసారి నా స్కీలు నేనే తయారుచేసుకుందామని ఉంది. చెక్క పని కొంత వచ్చు. ప్రెస్, అచ్చు, పనిముట్లు అన్నీ కలిపి రెండున్నర కొత్త జతల ధర అవుతోంది. జతకు పట్టే సామగ్రి మాత్రం కొత్త జత ధరలో 40 శాతమే. అత్యవసర నిధిలోంచి కొంత తీసి, మిగతాది క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెట్టి, తర్వాత స్నేహితులకు రెండు మూడు జతలు అమ్మి రాబట్టుకోవాలని ఆలోచన. సరైనదేనా?

జవాబు: స్కీలు తప్పకుండా చేయండి. డబ్బు మిగులుతుందని మాత్రం చేయకండి. ఈ రెండింటినీ విడదీస్తే మీ ప్రశ్నలో సగానికి జవాబు దొరికినట్టే.

మీ లెక్కనే తీసుకుందాం. కొత్త జత ధర 100 అనుకుంటే సామగ్రికి 40, అంటే జతకు 60 మిగులు. ఏర్పాట్లకు పెట్టేది 250. అది పూర్తిగా తిరిగి రావాలంటే ఐదో జత దాకా ఆగాలి. ఒక జత పాడైతే ఇంకో 40 కలుస్తుంది, రెండు పాడైతే ఆరో జత దాకా వెళ్తుంది. ఏడాదికి వారం రోజులు వాడే మనిషికి ఒక జత చాలా ఏళ్లు వస్తుంది. ఆరు జతలు మీకెందుకు చెప్పండి? ఇక ఈఎంఐ వడ్డీ, ఫీజులు కలిపి 30 అయ్యాయనుకోండి, ఒక జతలో మిగలాల్సిన దాంట్లో సగం అక్కడే పోయింది.

పాడవడం గురించి ఊరికే భయపెట్టడం లేదు. విమాన ఇంజనీరు హోవర్డ్ హెడ్ 1940ల చివర్లో లోహపు పొరలతో స్కీలు చేయడం మొదలుపెట్టినప్పుడు నమూనాలు వరసగా విరిగాయి. ఆయన పేరుతో నిలిచిన స్కీ 1950లో గానీ బయటికి రాలేదు. మీరు కొత్త పద్ధతి కనిపెట్టనక్కర్లేదు, నిజమే. కానీ స్కీలో పొరలు చాలా ఉంటాయి: కింద పాలిథిలిన్ బేస్, దాని అంచున ఉక్కు ఎడ్జ్, ఫైబర్‌గ్లాస్, మధ్యలో చెక్క కోర్, మళ్లీ ఫైబర్‌గ్లాస్, పైన టాప్‌షీట్. అన్నింటినీ ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో తడిపి ఒకేసారి నొక్కాలి. ఎపాక్సీ గట్టిపడటం మొదలయ్యాక సరిదిద్దుకునే అవకాశం ఉండదు. అందుకే బడ్జెట్‌లో ఒక జత సామగ్రిని పోయినట్టే రాసుకోండి. పోకపోతే సంతోషం.

ఇప్పుడు ఆ 250 సంగతి. దాన్ని రెండుగా విడదీసి చూడండి. రౌటర్, జిగ్‌సా, శాండర్, క్లాంపులు రేపు మీకు విసుగొచ్చినా ఎవరో ఒకరు కొంటారు. ఇంటి పనులకైనా పనికొస్తాయి. మీ స్కీ కొలతలకు చేసిన అచ్చు, టెంప్లేట్లు మాత్రం ఇంకెవరికీ అక్కర్లేదు. నిజమైన నష్టభయం ఈ రెండో భాగానిదే. కాబట్టి పనిముట్లు అరువుకో సెకండ్‌హ్యాండ్‌లోనో సంపాదించి, అచ్చును మామూలు ప్లైవుడ్‌తో మీరే చేసుకుంటే 250 అనుకున్నది బాగా తగ్గుతుంది.

అన్నిటికంటే పెద్ద ఖర్చు ప్రెస్. మొదటి జతకు అది కొననే వద్దని నా సలహా. గాలి గొట్టం పెట్టి నొక్కే ప్రెస్‌లో సాధారణంగా వాతావరణ పీడనానికి రెండు మూడు రెట్లు ఒత్తిడి వాడతారు. 180 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు మీద మూడు రెట్లంటే మొత్తం బలం ఆరు టన్నులు దాటుతుంది. దాన్ని ఆపడానికి మందపాటి ఉక్కు దూలాలు కావాలి. ఇక్కడ చవకకు పోతే డబ్బు కాదు, ప్రాణం మీదికి వస్తుంది. లోపలి గాలి లాగేసి నొక్కే వాక్యూమ్ బ్యాగ్ అయితే ఒక పంపు, ప్లాస్టిక్ షీటు, సీలింగ్ టేపు చాలు. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడే వస్తుంది, అయినా జాగ్రత్తగా చేస్తే నిలబడే స్కీ వస్తుంది. ప్రెస్ ఆలోచన మూడో జతప్పుడు చూద్దాం.

ఖర్చును ఎక్కడైనా ఆగిపోవడానికి వీలయ్యే వరసలో పెట్టండి. మొదట కాగితం మీద ఆకారం గీసి, సన్న ప్లైవుడ్‌తో టెంప్లేట్ కోయండి. తర్వాత కోర్. మధ్యలో 10–12 మిల్లీమీటర్ల మందం నుంచి కొనల దగ్గర 2 మిల్లీమీటర్లకు సాఫీగా చిత్రిక పట్టాలి. ఇది మీకు నచ్చిన పనో కాదో ఇక్కడే తెలిసిపోతుంది, ఇప్పటిదాకా అయిన ఖర్చు చెక్కముక్కలే. ఆ తర్వాత మూరెడు పొడవున్న చిన్న ముక్కను అన్ని పొరలతో అతికించి, గట్టిపడ్డాక కోసి, విరిచి చూడండి. పొరలు విడిపోతే ఎక్కడ తప్పు జరిగిందో తెలుస్తుంది, పూర్తి జత సామగ్రి మిగులుతుంది. ఈ ముక్క మీద పెట్టే ఖర్చు అన్నింటికన్నా లాభసాటిదని నా నమ్మకం.

సామగ్రిని ఎక్కువ కొంటే చవకగా ఇస్తామంటారు. బేస్, ఎడ్జ్‌లు నిలవ ఉంటాయి కాబట్టి రెండు జతలకు కొన్నా తప్పు లేదు. ఎపాక్సీకి గడువు ఉంటుంది, ఆ జతకు పట్టేంతే తెచ్చుకోండి. ఆ రెండు ద్రవాలు కలిపే రేషియో తప్పితే జత మొత్తం వృథా, కాబట్టి మంచి తూకం మెషీన్ కొనండి. నైట్రైల్ గ్లౌజులు, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు, గ్లాస్ ధూళికి వేరే ఫిల్టర్: వీటి దగ్గర పిసినారితనం వద్దు. ఎపాక్సీ ఒంటికి పడక అలర్జీ మొదలైతే అది జీవితాంతం ఉండొచ్చు.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లు మీ లెక్కలో కనబడలేదు. స్కీ నడుము, అంటే మధ్య భాగం వెడల్పుకు సరిపడే బ్రేకు ఉన్నవి కావాలి, పాతవి సరిపోతే అదృష్టమే. ఇంట్లో చేసిన స్కీకి బైండింగ్ బిగించడానికి కొన్ని షాపులు ఒప్పుకోవు. పని మొదలెట్టకముందే అడిగి పెట్టుకోండి. పడినప్పుడు బూటు సరిగా విడుదలవుతుందో లేదో వాళ్ల దగ్గర పరీక్ష చేయించే ఖర్చు కూడా రాసుకోండి.

స్నేహితులకు అమ్మడం మాత్రం వద్దేవద్దు. స్కీ విరిగి వాళ్ల కాలు విరిగితే పరిహారం మీ మీద పడొచ్చు. సాధారణంగా ఇంటి బీమా వ్యాపారానికి వర్తించదు. రెండు జతల లాభం కోసం మీ పొదుపంతా పందెం పెట్టినట్టవుతుంది.

మరి డబ్బు ఎక్కడినుంచి? మీ నెలవారీ సరదా ఖర్చులోంచే. సినిమాలు, ప్రయాణాలు, హోటళ్లకు పెట్టే దాంట్లో కొంత పక్కన పెట్టి, ఆ మొత్తం చేరినప్పుడే పై వరసలో తర్వాతి వస్తువు కొనండి. ఈ సీజన్‌కు అందకపోతే వచ్చే సీజన్‌కు. అత్యవసర నిధి ఉద్యోగం పోయిన నెలకు, ఆసుపత్రి బిల్లుకు. దాని జోలికి వెళ్లొద్దు. తొందరగా ఉంటే, స్కీ తయారీ నేర్పే వర్క్‌షాపు ఏదైనా దొరుకుతుందేమో చూడండి. వాళ్ల ప్రెస్ మీదే మీ జత చేసుకోవచ్చు. ఫీజు ఎక్కువనిపించినా మీ 250 పక్కన పెట్టి పోల్చండి.

పాత స్కీలను ఇప్పుడే అమ్మేయకండి. కొత్త జతను మొదట తేలిక వాలుల మీద వాడి, రోజూ ఎడ్జ్‌ల దగ్గర, కొనల దగ్గర పొర లేస్తోందేమో వేలితో తడిమి చూసుకోండి. ఒక సీజన్ నిలబడ్డాక అమ్మితే సరిపోతుంది.