పొద్దున ముందు కటింగ్ ముగించండి

ఇంట్లో బ్లౌజులు కుడుతూ, పిల్లలు బడికి వెళ్లాక కూడా 11 అయితే గానీ మిషను ముందు కూర్చోలేకపోతున్నానని రాశారు కదండీ. నాకూ మొదటి రెండేళ్లు అదే టెన్షన్. పెందలాడే లేచినా కుదరలేదు, ముందురోజు రాత్రే కొంత పని చేసి పెట్టుకున్నాక గాడిన పడింది.

పడుకునే ముందు మర్నాటి రెండు బ్లౌజుల లైనింగ్ నానబెట్టి, పిండి, ఫ్యాను కింద ఆరేస్తాను. కాటన్ లైనింగ్ ఉతికితే ముడుచుకుపోతుంది కాబట్టి అది ఎలాగూ తప్పని పనే. తెల్లారేసరికి ఇస్త్రీకి సిద్ధంగా ఉంటుంది. బాబిన్లకు ఆ రంగుల దారం చుట్టి, కొలతల చీటీని గుడ్డకే పిన్నుతో గుచ్చేస్తాను. ఇక పొద్దున వెతుకులాట ఉండదు.

బడి ఆటో వెళ్లగానే, సింకులో గిన్నెలున్నా సరే, కటింగ్‌కి కూర్చోండి. తల తేటగా ఉన్నప్పుడు, కిటికీ వెలుతురులో చేయాల్సిన పని అదే. చంక దగ్గర అర అంగుళం ఎక్కువ కోస్తే మళ్లీ తెచ్చిపెట్టలేం. హెమ్మింగ్, హుక్కులు మధ్యాహ్నం కబుర్లాడుతూ కూడా కుట్టొచ్చు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. కొలతలిచ్చేవాళ్లను 11 తర్వాతే రమ్మనండి. నా దగ్గర మొదట్లో ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు, తర్వాత వాళ్లకే అలవాటైంది.

5 గంటలకే లేవాలని మాత్రం పట్టుబట్టకండి. రాత్రి 11 దాకా కుట్టే మనిషికి అది నిద్ర చెడగొట్టుకోవడమే. ఈ వారం ఆ రెండు బ్లౌజుల కటింగ్ 10 లోపు అయ్యేలా చూడండి, చాలు.