ఫోన్ ఎవరి చేతుల ఉంటదో అడుగు బిడ్డా

బిడ్డా,

క్యాన్సర్ పరీక్షలకు ఆడోళ్లను రప్పించేటందుకు దేవరకొండ దిక్కు ఫోన్ల మీద ఏదో పని మొదలువెడుతున్నవని మీ అమ్మ చెప్పింది. సంబురమైంది. అంతల్నే గుబులు కూడా పట్టుకుంది. ఏఎన్ఎంగా ఆ తండాలన్నీ తిరిగినదాన్ని, చెప్పకుంటే నాకు నిద్రపట్టది.

30 ఏండ్లు దాటినోళ్లకు నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం చూస్తరు, సర్కారు దవాఖానల పైసలు తీసుకోరు. అది చెప్పు. రాతలు కాదు, మాట పంపు. తండాలకైతే లంబాడీ భాషల. పత్తి ఏరే దినాలల్ల పగటిపూట చేస్తే ఎవరూ ఎత్తరు. పాలమూరు నుంచి బొంబాయి పోయేటోళ్ల సిమ్ములు మారుతుంటయి. గర్భసంచి తీయించుకున్నోళ్లు మన దిక్కు మస్తుమంది, "నాకింకేం పరీక్ష" అంటరు. నోరు, రొమ్ము ఉన్నయి గదా! వాళ్లకు వేరేగ చెప్పించు.

ఇగ నా భయం విను. కొన్నేండ్ల కింద ఒక సంస్థోళ్లు క్యాంపు పెట్టి, పేర్లు, నంబర్లు రాసుకున్నరు. ఒకామెకు ఫోనే లేదు, మరిది నంబరిచ్చింది. గర్భసంచి ముఖద్వారానికి మందు పూసి చూస్తే తెల్లమచ్చ కనవడ్డది. "పరీక్షలో తేడా ఉంది, జిల్లా ఆసుపత్రికి రండి" అని మెసేజ్ కొట్టిన్రు. మరిది దాన్ని కిరాణం దుకాణం కాడ నలుగురిల చదివిండు. పొద్దుగూకేసరికి తండంతా "క్యాన్సరంట". అసలు ఆ మచ్చ శానా సార్లు క్యాన్సరే కాదు. ముదరకముందే పట్టుకొని, చిన్న మిషిన్‌తోటి కాల్చి తీసేసేటందుకే ఆ పరీక్ష. ఆ ముక్క చెప్పేటోళ్లేరి? అత్త పళ్లెం, చెంబు వేరువెట్టింది. ఆ కోడలు పిల్లలను తీసుకొని తల్లిగారింటికి పోయింది. నేను పోయి బతిమాలితే తలుపు సందుల నుంచే, "పో అక్కా, నువ్వొస్తే ఇంకింత అనుకుంటరు" అన్నది. దవాఖానకు పోనేలేదు. మల్ల క్యాంపుకు ఆ తండా నుంచి ఒక్కరు రాలే.

అందుకే ఫోన్ పిలిచేటందుకే. "బీపీ, షుగర్‌తోటి పాటు అన్నీ చూస్తరు, రా" అంటే ఎవరి చెవిల పడ్డా ఏంగాదు. మిగిలింది నర్సమ్మ చెప్పి, ఒప్పుకుంటేనే చూస్తది. ఫలితం మాత్రం ఆశక్క నోటితోటే, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు. పట్నంల ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన దాకా పోవాల్సొస్తే తోలుకపోయేదెవరో ముందే రాసిపెట్టు.

ఊరంతటికీ చెప్తున్నవు, మీ అమ్మకు చేయించినవా మరి?

రికార్డింగులు పంపేముందు నాకు వినిపించు. టీవీల వార్తలు చదివినట్టుంటే తిడతా.

మీ పెద్దమ్మ