కోడ్‌లో స్పెల్లింగ్ తప్పులు: ఏది దిద్దాలి, ఏది ముట్టుకోకూడదు

ప్రశ్న: మా పైథాన్ ప్రాజెక్టులో కామెంట్లలోనూ, ఎర్రర్ మెసేజుల్లోనూ ఇంగ్లిష్ స్పెల్లింగ్ తప్పులు చాలా ఉన్నాయి. మామూలు స్పెల్‌చెకర్ పెడితే ప్రతి వేరియబుల్ పేరునూ తప్పంటోంది. వేరే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఉందండీ, కోడ్‌స్పెల్ (codespell) అనే టూల్ వాడి చూడండి. మామూలు స్పెల్‌చెకర్ దగ్గర ఒప్పుల జాబితా ఉంటుంది. అందులో లేని ప్రతి మాటా దానికి తప్పే. కోడ్‌స్పెల్ దగ్గరుండేది తప్పుల జాబితా: 'రిసీవ్'లో ఈ, ఐ అక్షరాలు తారుమారు కావడం వంటి, జనం తరచూ చేసే తప్పులు, వాటి పక్కనే ఒప్పులు. అందుకే మీ వేరియబుల్ పేర్ల జోలికి అది పెద్దగా రాదు. జాబితాలో లేని తప్పును మాత్రం పట్టలేదు.

పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకుని, ప్రాజెక్టు ఫోల్డర్‌లో ముందు ఏ ఆప్షనూ లేకుండా నడపండి. ఫైలు పేరు, లైను నంబరు, తప్పు, ఒప్పు చూపిస్తుందే తప్ప ఫైళ్లను మార్చదు. దిద్దించాలంటే చిన్న డబ్ల్యూ (-w) ఆప్షన్ ఇవ్వాలి. అంతకుముందే చేతిలో ఉన్న పని గిట్‌లో కమిట్ చేసేయండి, దిద్దాక డిఫ్ (ఏ లైను ఎలా మారిందో చూపే జాబితా) అంతా చదవండి. ఒక తప్పుకు రెండు మూడు ఒప్పులు కుదిరే చోట అది సొంతంగా దిద్దదు. డబ్ల్యూతో పాటు చిన్న ఐ (-i) ఆప్షన్‌కు 3 ఇస్తే ఒక్కోటీ మిమ్మల్నే అడుగుతుంది.

లాక్ ఫైళ్లు (ప్యాకేజీల వెర్షన్లు రాసి ఉండేవి), మినిఫై చేసిన, అంటే కుదించిన జావాస్క్రిప్ట్, అనువాద ఫైళ్లు పెద్ద ఎస్ (-S) ఆప్షన్‌తో పక్కన పెట్టేయండి. మీ రంగంలో సరైనదే అయినా అది తప్పనే మాటలను పెద్ద ఎల్ (-L) ఆప్షన్‌లో ఇవ్వండి. ఇవన్నీ ప్రాజెక్టు సెట్టింగులుండే పైప్రాజెక్ట్ డాట్ టామ్‌ల్ (pyproject.toml) ఫైల్లో రాసి పెడితే టీములో అందరికీ ఒకేలా నడుస్తుంది.

ఒక లోపం గుర్తుంచుకోవాలి. అండర్‌స్కోర్‌తో కలిపిన పేరును కోడ్‌స్పెల్ మామూలుగా ఒకే మాటగా చూస్తుంది, కాబట్టి అందులో దాగిన తప్పు దానికి కనబడదు. మధ్యలో పెద్ద అక్షరాలతో మాటలు కలిపే క్యామెల్ కేస్ పేర్లదీ అదే కథ. పేర్లను ముక్కలు చేసి చూడాలంటే రస్ట్ భాషలో రాసిన టైపోస్ (typos) అనే టూల్ మేలు.

ప్రశ్న: డబ్ల్యూ ఆప్షన్‌తో దిద్దించాక టెస్టులు ఫెయిలయ్యాయి. స్పెల్లింగ్ మారితే కోడ్ ఎందుకు ఆగాలి?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కామెంటులో మాట మారితే ఏమీ కాదు. కానీ కొటేషన్లలోని మాట జేసాన్ (JSON) డేటాలోని కీ కావచ్చు, డేటాబేస్ కాలమ్ పేరు కావచ్చు, అవతలి సర్వర్ పంపే విలువ కావచ్చు. మీ వైపు మారింది, అవతలి వైపు మారలేదు, అందుకే పొసగలేదు. ఏ పేజీ నుంచి వచ్చారో బ్రౌజర్ సర్వర్‌కు చెప్పే, హెచ్‌టీటీపీలోని రెఫరర్ (Referer) హెడర్‌నే చూడండి. 1996 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1945లోనే ఒక 'ఆర్' తగ్గి ఉంది, ఇప్పటికీ బ్రౌజర్లు అలాగే పంపుతాయి. మీరు కోడ్‌లో సరిదిద్ది చదివితే ఖాళీ వస్తుంది.

అలాంటి లైను చివర కామెంటులో కోడ్‌స్పెల్ కోలన్ ఇగ్నోర్ (codespell:ignore) అని రాస్తే కొత్త వెర్షన్లు దాన్ని వదిలేస్తాయి. ఇతరులు వాడే ఫంక్షన్ పేరే తప్పయితే, కొత్త పేరు పెట్టి, పాతది కూడా పనిచేసేలా ఉంచి, దాన్ని పిలిచినప్పుడు 'ఇది పాతబడింది, ఇక వాడొద్దు' అనే డెప్రికేషన్ హెచ్చరిక ఇవ్వండి.

ఇకపై కొత్త తప్పులు రాకుండా కోడ్‌స్పెల్‌ను ప్రీ-కమిట్‌లో (ప్రతి కమిట్‌కు ముందు నడిచే తనిఖీల్లో) పెట్టండి, కానీ డబ్ల్యూ లేకుండా. తప్పు కనబడితే కమిట్ ఆగుతుంది, దిద్దేది మనిషే. పాత తప్పుల దిద్దుబాటంతా వేరే కమిట్‌గా చేసి, ఆ కమిట్ ఐడీని ఒక ఫైల్లో రాసి, ఏ లైను ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్‌కు ఇగ్నోర్ రెవ్స్ ఫైల్‌గా (--ignore-revs-file) చూపించండి. అసలు లైను ఎవరు రాశారో అప్పుడూ తెలుస్తుంది.