విదేశంలో మొదటిసారి కారు నడపాలంటే ఏ రోడ్డు బాగుంటుంది?

నా ఓటు ఆస్ట్రేలియాలోని గ్రేట్ ఓషన్ రోడ్డుకే. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి ఆ టెన్షన్ ఉండదు. మెల్‌బోర్న్‌కు దగ్గర్లోని టోర్కీ నుంచి ఆలన్స్‌ఫర్డ్ దాకా సుమారు 240 కిలోమీటర్లు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919-32 మధ్య వేసిన రోడ్డు ఇది.

టోర్కీ వైపు నుంచే బయల్దేరండి. సముద్రం ఎడమ పక్కనే ఉంటుంది, వ్యూపాయింట్ కనబడితే ఎదురొచ్చే బండ్లకు అడ్డం పడకుండా తిప్పేయొచ్చు. కెన్నెట్ రివర్ దగ్గర ఆగి యూకలిప్టస్ కొమ్మల్లోకి చూడండి. బూడిదరంగు మూటలా కనిపిస్తే అది నిద్రపోతున్న కోలా! సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు ట్వెల్వ్ అపోసల్స్ పేరుకే పన్నెండు. వాటిలో ఒకటి 2005లో కూలిపోయింది కూడా.

ఒక్కరోజులో మెల్‌బోర్న్ తిరిగి రావాలని పరుగులు పెట్టకండి, అపోలో బేలో రాత్రికి ఆగండి. చీకటి పడేవేళ కంగారూలు రోడ్డు మీదికొస్తాయి.